చేవ కట్టేదాకా

2021 డిసెంబర్‌లో ‘పుష్ప’ మొదటి భాగం వచ్చినప్పటి నుంచీ ఆఫీసులో నన్నడిగే ప్రశ్న మారింది. అంతకుముందు కడప అనగానే బాంబుల గురించి అడిగేవాళ్ళు. ఇప్పుడు ఎర్రచందనం టన్ను ఎంత పలుకుతుందని అడుగుతున్నారు. మొదట్లో నవ్వేసి ఊరుకునేవాణ్ణి. పోనుపోను ఆ ‘టన్ను’ అన్న మాట దగ్గర నా బుర్ర ఆగిపోవడం మొదలైంది. టన్ను దుంగకి కొలత. చెట్టుకి కాదు. చెట్టుకి కొలత వయసు. నాకు గుర్తున్నంతలో ఆ సినిమాలో ఏ పాత్రా ఒక చెట్టు వయసెంతని అడగదు. నరికేవాడికి అక్కర్లేదు, పట్టుకునే పోలీసుకీ అక్కర్లేదు. సుకుమార్‌ని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. మన చట్టాలు, పత్రికలు, వేలంపాటలు అన్నీ దుంగల లెక్కలోనే మాట్లాడతాయి. ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకుతూ పోతే రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

ముందు చెట్టు సంగతి. పేరులో చందనం ఉంది గానీ ఇది చందనం కాదు, వాసనా ఉండదు. చిక్కుడు, కంది కుటుంబానికి చెందిన చెట్టు, మన ఏగిస చెట్టుకి దగ్గరి చుట్టం. ప్రపంచం మొత్తంలో ఇది సహజంగా పెరిగే చోటు తూర్పు కనుమల దక్షిణపు కొస. పాలకొండలు, శేషాచలం, లంకమల, వెలికొండలు. అంటే పాత కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు, కర్నూలులో కొంత, ఆ పక్కన తమిళనాడులో కాస్త. మట్టి తక్కువగా, రాయి ఎక్కువగా ఉండే ఎర్రటి ఏటవాలు కొండల మీద, ఎండని ఓర్చుకుంటూ పెరుగుతుంది. పెరుగుతుంది అనడం కూడా కొంచెం ఎక్కువే. మనిషి జీవితకాలంతో పోలిస్తే నిలబడి ఉంటుంది అనడం సరైన మాట.

దీనికి విలువ తెచ్చేది లోపలి చెక్క. తెలుగులో దానికి చక్కటి మాట ఉంది: చేవ. చెట్టు చిన్నగా ఉన్నంతకాలం లోపలంతా తెల్లటి చెక్కే. ఏళ్ళు గడిచేకొద్దీ నడిమధ్య నుంచి రంగు దిగడం మొదలవుతుంది. శాంటాలిన్ అనే ఎర్రటి పదార్థం పేరుకుంటుంది, చెక్క బిగుసుకుంటుంది, చివరికి నీళ్ళలో వేస్తే మునిగేంత బరువెక్కుతుంది. దీనికి దశాబ్దాలు పడుతుంది, దొడ్డ దుంగ కావాలంటే ఇంకా చాలా ఎక్కువ. అడవిలో నరికినవాళ్ళు బెరడునీ తెల్లచెక్కనీ అక్కడే గొడ్డలితో చెక్కేసి, చేవని మాత్రమే భుజానికెత్తుకుంటారు. దొంగిలించేది చెట్టుని కాదు, చెట్టు గడిపిన కాలాన్ని.

ఆ రంగు కోసం ప్రపంచం ఎప్పట్నుంచో ఎగబడింది. మధ్యయుగాల ఇంగ్లండులో రాజుగారి వంటవాళ్ళు కూరలకీ మిఠాయిలకీ ఎర్రదనం తేవడానికి ఎర్రచందనం పొడి వాడేవాళ్ళు. (మనం చికెన్ సిక్స్‌టీఫైవ్‌లో రంగు వేస్తున్నందుకు సిగ్గుపడాల్సిన పనిలేదు.) తర్వాత డచ్చివాళ్ళు, ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు కోరమాండల్ తీరం నుంచి ఉన్ని గుడ్డల అద్దకానికి దీన్ని ఓడలకెత్తారు. డచ్చి, జర్మన్ వ్యాపారుల భాషలో దీనికి ‘కలియటూర్’ కర్ర అని పేరు. చిన్న లిన్నేయస్ 18వ శతాబ్దం చివర్లో దీనికి టెరోకార్పస్ శాంటాలినస్ అని శాస్త్రీయ నామం పెట్టేనాటికే ఇది పాత సరుకు. 19వ శతాబ్దం రెండో సగంలో కృత్రిమ రంగులు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఎర్రచందనం కాసేపు ఊపిరి పీల్చుకుని ఉండాలి. కానీ అప్పటికి ఇంకో ఆకలి వచ్చింది.

1800లో నిజాం ఈ సీమని కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చిందే. మన్రో ఏడేళ్ళపాటు ఇక్కడ భూములు కొలిపించి, రైతుల పేర్లు రాయించి, పన్ను కట్టాడు. కొలవడానికి లొంగని కొండల జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి పోతూ కడప మీదుగా, నల్లమల దాటి శ్రీశైలం వెళ్ళాడు. ఆయన దాటిన అడవికి ఫారెస్టు డిపార్ట్‌మెంటు లేదు. మద్రాసు రాజధానికి అడవుల కన్సర్వేటర్ అంటూ ఒకరు వచ్చింది 1856లో. ఆయన హ్యూ క్లెగ్‌హార్న్ అనే వైద్యుడు. సరిగ్గా అదే ఏడాది మద్రాసులో రైలు కూత పెట్టడం యాదృచ్ఛికమని నేననుకోను. ఆ రైలుమార్గపు వాయవ్య శాఖ కోడూరు, రాజంపేట, నందలూరు, కడప మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. పటం తీసి చూడండి, ఆ పట్టాలు పాలకొండల పాదాల పక్కనే పోతాయి. అప్పటి ఇంజన్లకి బొగ్గు దూరం, కట్టె దగ్గర. పట్టాల కింద వేసే స్లీపర్లూ కర్రే, బాయిలర్లో మండేదీ కర్రే.

కాబట్టి ఈ అడవి ‘రక్షణ’ మొదలైంది చెట్టు మీద ప్రేమతో కాదు, రేపటికి కర్ర ఉండదేమోనన్న భయంతో. దాన్ని తప్పని కొట్టిపారేయలేను. ఆ భయమే లేకపోతే ఈ కొండలు బోడిగుండ్లు అయ్యేవి. కానీ భయపడ్డ ప్రభుత్వం కాపలా పెట్టింది తన సరుకుకి. చుట్టూ ఉన్న ఊళ్ళు ఆ లెక్కలో దొంగలయ్యాయి.

ఇక్కడ మద్రాసు రెవెన్యూ బోర్డుకి ఒక నమస్కారం పెట్టాలి. దేశమంతటికీ ఒకే అడవుల చట్టం తేవాలని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, 1871లో ఆ బోర్డు ఎదురుతిరిగింది. ఈ రాజధానిలో ఏ ఊరి పొలిమేరలోకీ రాని అడవి దాదాపుగా లేదు, ఊరివాళ్ళు కట్టెకీ ఆకుకీ మేతకీ వాడుకోని అడవి లేదు, అందులో సర్కారుకే సర్వహక్కులని అనడం కుదరదు అన్నది దాని వాదన సారాంశం. ఒక వలస ప్రభుత్వపు పన్నుల శాఖ ఈ మాట అన్నదంటే చదివినప్పుడు నేను రెండుసార్లు చూసుకున్నాను. ఆ వాదన పదేళ్ళకి పైగా నిలబడింది. మధ్యలో 1876-78 నాటి మహాకరువు వచ్చింది, కడప, కర్నూలు, బళ్ళారి సీమలు శవాల దిబ్బలయ్యాయి. ఆ తర్వాత బ్రాండిస్ వచ్చాడు, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు ఒక్కొక్కటే రిజర్వులయ్యాయి. పశువుని తోలాలంటే పుల్లరి కట్టాలి, కట్టకపోతే బందెలదొడ్డి.

మిగతా కథ మనకి పల్నాడు వైపు నుంచి తెలుసు. 1922లో కన్నెగంటి హనుమంతు పుల్లరి పోరాటంలో తుపాకులకి బలయ్యాడు, ఆయన మీద పాటలున్నాయి, విగ్రహాలున్నాయి. దానికి కాస్త ముందు, 1921లో మన రాయచోటి తాలూకాలో కూడా రైతులు పుల్లరి కట్టకుండా మందల్ని రిజర్వులోకి తోలారు. ఇది మాత్రం కడపోళ్ళలో కూడా చాలామందికి తెలీదు. నేను బడిలో చదివిన సాంఘికశాస్త్రంలో సహాయ నిరాకరణ ఉంది, చౌరీచౌరా ఉంది, రాయచోటి లేదు. పాట కట్టినవాడు ఉన్న ఊరికి చరిత్ర ఉంటుంది కాబోలు.

ఈ గొడవలన్నిటిలో ఎర్రచందనానికి ప్రత్యేక స్థానం ఏమీ లేదు. కోడూరు దగ్గర ఫారెస్టు శాఖ 19వ శతాబ్దంలోనే దీన్ని తోటగా వేసి చూసింది, అంతే. ఊళ్ళకైతే ఇది రోజూ వాడుకునే గట్టి కర్ర. రాజంపేట దగ్గర మా జేజి పాతింట్లో వసారాకి నాలుగు స్తంభాలుంటాయి, వందేళ్ళకి పైబడినవి, చేత్తో తడిమితే రాయిలా చల్లగా తగులుతాయి. పోయినేడు మా చిన్నాయనని అడిగాను.

“చిన్నాయనా, ఇవి ఎర్రచందనమేనా?”

“గట్టిగా అనాకురా సామీ, ఎవురన్నా ఇంటారు,” అని నవ్వాడు. “అప్పట్లో దీన్ని పట్టించుకున్నోళ్ళు యాడుండారు? చెదలు పట్టదని ఏసినారు. పందిరి గుంజలకీ ఇదే, కంచె గూటాలకీ ఇదే.”

తిరుపతి బొమ్మల అంగళ్ళలో అమ్మే ఆడామగా జంట బొమ్మలు కూడా దీంతోనే చేసేవాళ్ళు. తమిళులు మరపాచి అంటారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకుని చప్పరించినా మంచిదేనని నమ్మకం. పందిరి గుంజ, కంచె గూటం, పాప నోట్లో బొమ్మ. ఇంత మామూలు కర్ర మా చిన్నాయన జీవితకాలంలోనే గొంతు తగ్గించి మాట్లాడాల్సిన వస్తువైపోయింది. ఆ మార్పు కడపలో జరగలేదు.

జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం ఉంది. దాని పొడవాటి మెడకి మేలైన కర్ర మన ఎర్రచందనమే, వాళ్ళు కోకి అంటారు. అది కొంత గిరాకీ. అసలైన ఉప్పెన చైనా నుంచి వచ్చింది. మింగ్, చింగ్ చక్రవర్తుల కొలువుల్లో ‘జితాన్’ అనే నల్లెరుపు కర్రతో చేసిన ఆసనాలకీ పెట్టెలకీ ఉన్న గౌరవం ఇంకే కర్రకీ లేదు. ఆ జితాన్ ఏ చెట్టు అన్నదాని మీద పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. 2000లో చైనా ప్రభుత్వం మేలుజాతి ఎర్రకర్రలకి ఒక జాతీయ ప్రమాణం తయారుచేసి 33 జాతుల్ని చేర్చింది. అందులో జితాన్ అనే పేరుకి అర్హమైనది ఒకే ఒక్క జాతి అని తేల్చింది. మన పాలకొండల చెట్టు! ఏదో ఒక దూరదేశపు ఆఫీసులో ఒక స్పెసిఫికేషన్ డాక్యుమెంటులో ఒక వరుస మార్చితే ఇంకెక్కడో ప్రొడక్షన్ కుప్పకూలడం నా వృత్తిలో చూస్తుంటాను. ఇది అలాంటిదే, కాకపోతే ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు. బీజింగ్‌లో చెన్ లీహ్వా అనే సంపన్న వ్యాపారవేత్త 1999లో కేవలం ఈ కర్ర కోసమే ఒక మ్యూజియం తెరిచింది. నిషిద్ధ నగరపు మూల బురుజుని యథాతథంగా చిన్న రూపంలో చెక్కించి పెట్టారందులో. ఫోటోల్లో చూస్తే అద్భుతంగా ఉంటుంది. ఆ నునుపు చూస్తూ మా జేజి ఇంటి స్తంభం గుర్తుకొచ్చి, పోలికే లేదని తెలిసినా, కాస్త గర్వపడ్డాను కూడా.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1967లో రాష్ట్ర అటవీ చట్టం, 1969లో చందనం, ఎర్రచందనం రవాణా నిబంధనలు. 1995లో అంతర్జాతీయ వాణిజ్యాన్ని కట్టడి చేసే సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో పెట్టి, 2018లో కాస్త తేలికైన మెట్టుకి దించి, మళ్ళీ మూడు నాలుగేళ్ళకే పాత మెట్టుకి తెచ్చింది. 2010లో శేషాచలాన్ని 4,755 చదరపు కిలోమీటర్ల జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ప్రతి కట్టడితో పాటూ సరుకు అరుదైంది, అరుదైన కొద్దీ ధర లేచింది. అలాగని కట్టడి వద్దనలేం. ధర పుట్టేది ఒక దేశంలో, కాపలా పెట్టేది ఇంకో దేశంలో ఒక బీట్ ఆఫీసర్‌ని లాఠీ ఇచ్చి. ఇదే చిక్కు.

2013 డిసెంబర్‌లో తిరుమల కొండల దిగువన ఇద్దరు అటవీ అధికారుల్ని కొట్టి చంపారు. దాని తర్వాత ప్రత్యేక టాస్క్‌ఫోర్సు వచ్చింది. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్ళు, జవ్వాది కొండల వైపు నుంచీ, తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల నుంచీ రోజుకూలికి వచ్చినవాళ్ళు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, ముందే పట్టుకొచ్చి చంపారని హక్కుల సంఘాలన్నాయి, జాతీయ మానవ హక్కుల సంఘం కలగజేసుకుంది. మన తెలుగు పేపర్లలో ఆ రోజుల్లో రాసిందంతా మళ్ళీ తిరగేశాను. ‘స్మగ్లర్లు’ అన్న మాట ఎంత సులువుగా వాడారో చూస్తే బాధేసింది. జవ్వాది కొండల్లో మంచి అడవి ఎప్పుడో తరిగిపోయి, ఆ కొండ మనుషులకి మిగిలిన నైపుణ్యం గొడ్డలి పట్టడం ఒక్కటే అయితే, ఆ నైపుణ్యాన్ని మన కొండల్లో అద్దెకి తీసుకున్నవాడు ఇంకెవడో. ఆ 20 మందిలో వాడు లేడు. సినిమాలో కూలీ డాన్ అవుతాడు. శేషాచలంలో కూలీ కూలీగానే చచ్చిపోయాడు.

దొరికిన దుంగలు గోదాముల్లో పేరుకున్నాయి. వేల టన్నులు. 2014 నుంచీ రాష్ట్రం వాటిని ఈ-వేలంలో అంతర్జాతీయ కొనుగోలుదార్లకి అమ్ముతోంది. రాష్ట్ర విభజన తర్వాత బడ్జెట్ లోటు పూడ్చుకునే మార్గంగా కూడా ఎర్రచందనం పేరు వినిపించింది. రక్షకుడి చేతిలో కూడా అది ఆదాయమే అయినప్పుడు, మన్రో లెక్కల పుస్తకం ఇంకా మూసినట్టు కాదనిపిస్తుంది నాకు.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం కంటికి కనబడనిది. మన దేశంలో అడవి ఎంత ఉందో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్ళకోసారి ఉపగ్రహ చిత్రాలతో లెక్కిస్తుంది. ఒక హెక్టారుకి తగ్గకుండా, కొమ్మల కప్పు పది శాతానికి తగ్గకుండా ఉన్న ఏ నేలైనా ఆ లెక్కలో అడవే. ఇప్పుడు ఎర్రచందనం నరికివేత ఎలా జరుగుతుందో చూడండి. బుల్డోజర్ రాదు. కొండంతా గొరిగేయరు. ఇక్కడొక దొడ్డ చెట్టు, ఆ లోయ అవతల ఇంకొకటి, ఏరి కొడతారు. పైగా ఈ చెట్టుకి మోడు నుంచి పిలకలు వేసే గుణం ఉంది. రెండు మూడు వానలకి ఆ మోడు చుట్టూ నాలుగు పచ్చటి రెమ్మలు. పైనుంచి చూసే కెమెరాకి అడవి అలాగే ఉంది. లోపల చేవ కట్టిన చెట్లు ఒక్కొక్కటే జారిపోయి, కర్రపుల్లల్లాంటి కుర్ర చెట్లు మిగులుతున్నాయి. డ్యాష్‌బోర్డు అంతా ఆకుపచ్చే. డేటాబేస్‌లో వరుసల సంఖ్య సరిపోయిందని సంతోషించి, వరుసల్లో ఏముందో చూడకపోవడం లాంటిది. గింజలు ధారాళంగా రాల్చేవి ఎదిగిన చెట్లు. తొర్రల్లో పక్షులకి చోటిచ్చేవి ముసలి చెట్లు. పిలకలు ఆ పనికి రావడానికి మళ్ళీ దశాబ్దాలు ఆగాలి.

2019లో నల్లమలలో యురేనియం తవ్వుతారనగానే హైదరాబాద్ కదిలింది. హ్యాష్‌ట్యాగులు, పాటలు, సినిమా తారలు, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం. మంచిదే. పాలకొండలకి అలాంటిది ఎప్పుడూ రాలేదు. అక్కడ విలన్‌గా చూపించడానికి ఒక కంపెనీ ఉంది, ఇక్కడ విలన్ అనుకున్నవాడు హీరో అయ్యాడు.

కొండ దిగితే కథ ఇంకా చిక్కుపడుతుంది. లంకమల చుట్టూ కంప అడవిలో కలివికోడి అనే పక్షి ఉండేది. 1848లో శాస్త్రానికి పరిచయమై, 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో ఐతన్న అనే గ్రామస్థుడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి సహజ చరిత్ర సంఘం భరత్ భూషణ్ దాన్ని గుర్తించాడు. లంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పక్షి ఇంట్లోకే వచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయి చివరికి కాలువ దారి మళ్ళించారు. చదువుతున్నప్పుడు పక్షి గెలిచిందని సంబరపడ్డాను. అది మా ఊళ్ళో చెబితే ఎవరూ సంబరపడలేదు. బోరు ఆరొందల అడుగులకి పోయినా చెమ్మ తగలని చోట కాలువ ఒక్క ఏడాది ఆలస్యమైనా దాని ఖరీదు ఏంటో వాళ్ళకి తెలుసు. బొటనవేలు లేని చెయ్యిలా సీమకి నీళ్ళు లేవు, అడవి కూడా పోతే నీళ్ళు వచ్చే దారి ఇంకా మూసుకుంటుంది అని నేను వాదించాను. వాళ్ళు విన్నారు. ఒప్పుకున్నారో లేదో చెప్పలేదు.

ఇప్పుడు కొత్త ఆశ పొలాల్లో పెంచే ఎర్రచందనం. 2023 నవంబర్‌లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశం, ఈ చెట్టు విషయంలో భారతదేశం మీద ఏళ్ళుగా పెట్టిన ప్రత్యేక సమీక్షని ఎత్తేసింది. రైతులు పెంచిన కర్రని సక్రమంగా ఎగుమతి చేసే దారి దానివల్ల కొంత తేలికవుతుందన్నారు. తోట కర్ర చౌకగా, చట్టబద్ధంగా దొరికితే కొండమీది చెట్టు జోలికి ఎవరూ పోరన్నది లెక్క. ఆ లెక్క మీద నాకు సగం నమ్మకమే. నీళ్ళు పెట్టి, ఎరువేసి పెంచిన చెట్టు తొందరగా లావెక్కుతుంది, చేవ మాత్రం తొందరపడదు. చైనా కొనుగోలుదారు ఎక్కువ డబ్బు పెట్టేది కొండ రాళ్ళలో నిదానంగా పెరిగి, అలల్లాంటి చారలు తేలిన కర్రకి. తోట, కొండ రెండూ ఒకే పేరుతో అమ్ముడుపోతే, కొండ కర్రని తోట కర్రగా కాగితాల మీద చూపించడం ఎంత సులువో ఎవరికైనా తడుతుంది. ఏ దుంగ ఎక్కడిదో తేల్చే పరీక్షలు, ఒక్కో చెట్టుకి నంబరేసి కొట్టేదాకా వెంటాడే రికార్డు లేకుండా ఎగుమతి తలుపులు తెరవడం తొందరపాటనే నా అభిప్రాయం. వయసుని లెక్కలోకి తేవడానికి కనీసం అక్కడ ఒక అవకాశం ఉంది.

మా చిన్నాయన కూడా పన్నెండేళ్ళ కిందట చేను గట్టు మీద ఇరవై మొక్కలు నాటాడు. పద్నాలుగు బతికాయి. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు ఒకటి గాలికి విరిగి పడుంది, మానుని అడ్డంగా కోసి చూపించాడు. అంతా తెలుపే, మధ్యలో మాత్రం పెన్సిల్ మందాన ఎర్రటి చుక్క. దాన్ని బొటనవేలితో రుద్ది, “నువ్వు చూస్తావేమోలేరా” అని పక్కన పెట్టి, మిగతా పదమూడింటికి పాదులు సరిచేయడానికి పార తీసుకున్నాడు.